అప్పళం విరగని నాటకం

ఈ మధ్య కాలెండర్లతో నాకు పడడం లేదు. జనవరి వస్తే చాలు, పచారీ కొట్టువాడూ మందుల షాపువాడూ నగల కొట్టువాడూ తలా ఒకటి చుట్ట చుట్టి, రబ్బరు బాండు వేసి చేతిలో పెడతారు. మందపాటి నునుపు కాగితం. గోడకు తగిలిస్తే కింది అంచు పైకి లేచి, లక్ష్మీదేవి పాదాలు దాటి నడుము దాకా వచ్చేస్తుంది. తేదీ చూడాలంటే ఒక చేత్తో కిందికి లాగి పట్టుకుని రెండో చేత్తో కళ్ళజోడు సర్దుకోవాలి. వదిలితే మళ్ళీ చుట్టుకుంటుంది. ఒకదాన్ని బియ్యం డబ్బా కింద పెట్టి అణగదొక్కి చూశాను. తీసి తగిలిస్తే పొద్దున పూట మర్యాదగా ఉండి, మధ్యాహ్నానికి తన బుద్ధి చూపించింది. "కాగితంతో ఎవురైనా ఇంత కొట్లాడతారా?" అని మా ఇంటావిడ అడిగింది. మడిచినా మాట వినకుండా లేచే కాగితాన్ని చూస్తే నాకు తమిళనాడులో వేలూరు పక్కనున్న మా గుడియాత్తంలో ఒక సాయంకాలమూ, మా మామ చేతులూ గుర్తుకొస్తాయి. కొంచెం రోత కూడా పుడుతుంది.

మామ అంటే మా అమ్మకు అన్న. కట్టడం పని మేస్త్రీ. గుడియాత్తంలో ఆయన లేపిన గోడలు ఇప్పటికీ కొన్ని నిలబడి ఉన్నాయి. పడిపోయినవాటి గురించి ఆయన మాట్లాడేవాడు కాదు. ఎత్తైన మనిషి. తాపీ పట్టి పట్టి కాయలు కాసిన అరచేతులు, సున్నం తినేసిన గోళ్ళు. ఈ దేహంతో ఆయన వయసులో ఉన్నప్పుడు ఆడవేషాలు వేసేవాడు. నవ్వకండి. మీసం తీసేసి, మా అత్త పెళ్ళిచీర కట్టుకుని, ముక్కుకు బిళ్ళ అతికించుకుని వచ్చి నిలబడితే, కన్నతల్లే ఎవరో పెద్దింటావిడ వచ్చిందనుకుని లేచి చాప పరిచిందట. ఈ సంగతి అమ్మమ్మ ఒప్పుకోలేదు. కానీ మా అమ్మ చెప్పేది, చాప పరచడం తను చూశానని.

ఆ నాటకానికి అసలు పేరు ఏదో చాలా గంభీరంగా ఉండేదట. ఊళ్ళో అందరూ అప్పళం నాటకమనే అనేవారు. మా వైపు అప్పడాన్ని అప్పళం అంటాం. మర్యాదల మీద రాసిన హాస్య నాటకం అది. మామకు ముందు తరంలో ఒక పంతులు రాశాడనేవారు. రాసిన కాగితాలు ఎవరి దగ్గరా లేవు, ఉన్నా ఉపయోగం లేదు. మా వైపు తెలుగువాళ్ళకు తెలుగు నోటినిండా ఉంటుంది, కంటికి మాత్రం ఆనదు. బడిలో చదివింది తమిళం. అందుకని ఎవరి వేషం వాళ్ళు మరొకరికి నోటితో నేర్పి, చేతులు పట్టుకుని ఎలా తిప్పాలో చూపించి అప్పజెప్పేవారు. మామకు వియ్యపురాలి వేషం అప్పజెప్పినాయన విరించిపురం ముసలాయన. వేషం ఇచ్చాక ఆయన మళ్ళీ దాని జోలికి రాలేదట. కూతుర్ని అత్తవారింటికి పంపినట్టు ఇచ్చేశాడని మామ చెప్పేవాడు.

కథ చాలా చిన్నది. పెళ్ళి కుదిరింది. మగపెళ్ళివారు ఆడపెళ్ళివారింటికి భోజనానికి వచ్చారు. రెండో అంకంలో స్టేజీ మీదే బంతి వేస్తారు, నిజమైన ఆకులు, నిజమైన అన్నం. వడ్డించేవాడి చెయ్యి తడబడి, పెళ్ళికొడుకు తల్లి ఆకులో విరిగిన అప్పళం పడుతుంది. ఆమె ఏమీ అనదు, దాన్నే చూస్తుంది. అవతలివాళ్ళు బతిమాలడం మొదలుపెడతారు. నూనె కాగడం ఎక్కువైందని ఒకరు, మినుములు పాతవని ఒకరు, అప్పళం విరగడం శుభమని ఒకరు. ప్రతి మాటా గొడవను ఇంకొంచెం లోతుకు దింపుతుంది. జనం కడుపులు పట్టుకుని నవ్వుతుంటారు. అప్పుడు వియ్యపురాలు ఆకును మడుస్తుంది, అవతలికి. తిన్నాక ఆకు మనవైపుకు మడిస్తే సంబంధం నిలవాలని అర్థం. అవతలికి మడిచేది చావింటి భోజనంలో. పెళ్ళి బంతిలో ఆడమనిషి మాట్లాడకుండా ఆ పని చేసి లేచిపోతే, అంతవరకు నవ్విన జనం నోళ్ళు మూతపడేవి. చిన్నప్పుడు ఒక్కసారి చూశాను. నా పక్కన కూర్చున్న ఆవిడెవరో "అయ్యో తల్లీ, వద్దు" అని పైకే అనేసింది. తన ఇంటి పెళ్ళి చెడిపోయినట్టు అనింది. మూడో అంకంలో పెళ్ళికూతురు ఒక మంచి అప్పళం తెచ్చి, తానే రెండుగా విరిచి, సగం తాను తిని సగం అత్తకు పెడుతుంది. అందరూ నవ్వుకుంటూ, కొందరు కళ్ళు తుడుచుకుంటూ ఇళ్ళకు పోయేవారు. సినిమాలు వచ్చి ఆ నాటకం ఆగిపోయింది. మామ మాత్రం ఏ పెళ్ళిలో తిన్నా, చెయ్యి కడుక్కునే ముందు ఒక క్షణం ఆకు వైపు అదోలా చూసేవాడు.

ఇక కాంట్రాక్టరు ఒకాయన ఉన్నాడు. ఒకప్పుడు మామ కింద సున్నం కలిపినవాడు, "అన్నా, అన్నా" అని వెంట తిరిగినవాడు. దేశం తలుపులు తెరిచిందని పేపర్లన్నీ రాసిన ఆ సంవత్సరాల్లో, ఆ తలుపుల్లోంచి మా జిల్లాలోకి మొదట దూరినవాడు ఆయనే అయి ఉండాలి. వేలూరులో షాపుల సముదాయాలు, చిత్తూరు రోడ్డులో లేఅవుట్లు, చివరికి గుడియాత్తంలో సొంత కల్యాణ మండపం. ముందు రెండు సిమెంటు హంసలు, వాటి నోళ్ళలోంచి రంగురంగుల దీపాల మధ్య నీళ్ళు. హంసలు వాంతి చేసుకుంటున్నట్టు ఉంటుందని నేనొకసారి అన్నాను. అది నిజంగా అలాగే ఉంటుంది గనక ఎవరూ నవ్వలేదు. "అన్నా" పోయి "మేస్త్రీ" వచ్చింది. మామ కొడుకు, అంటే మా బావ, ఆయన దగ్గరే సైటు చూసుకునేవాడు. కాబట్టి మామ కూడా "మేస్త్రీ" అంటే పలికేవాడు.

మండపం తెరిచేరోజు పాత తెలుగు నాటకం ఆడించాలని కాంట్రాక్టరుకు బుద్ధి పుట్టింది. సాహిత్యాభిమానం అని నోటీసులో వేయించాడు. అసలు కారణం, ఆయన కూతురికి నెమిలి అనే ఊరి వైపు ఒక భూస్వాముల ఇంట్లో సంబంధం మాట్లాడుతున్నారు. వాళ్ళు తరాలుగా అక్కడ పొలాలున్న తెలుగువాళ్ళు, డబ్బుకు లొంగరు, పాతకాలపు మర్యాదలకు లొంగుతారని ఎవరో చెప్పారు. మర్యాద చూపించడానికి మర్యాదల మీద నాటకం. నాటకం ఆ మర్యాదల్ని ఎంత కొడుతుందో ఆయన అడగలేదు. మొదట వియ్యపురాలి వేషానికి మద్రాసు నుంచి టీవీలో కనిపించే ఒకావిడను మాట్లాడాడు. మొగవాడు చీర కట్టుకోవడం "అసింగంగా ఉండాది", అంటే అసహ్యంగా ఉందని ఆయన భార్య తేల్చేసింది. టీవీ ఆవిడ కారూ ఏసీ గదీ అడిగి, రెండూ ఒప్పుకున్నాక రాలేదు. అప్పుడు మామ గుర్తుకొచ్చాడు. నేను వేలూరు కాలేజీలో బి.ఎ. చదివి, అక్కడే ఒక ఆఫీసులో గుమాస్తాగా ఉండేవాణ్ణి. మామ నోటితో చెప్పినదంతా తమిళ అక్షరాల్లో రాసి కొత్తవాళ్ళకు పంచే పనీ, నాటకం రోజు తెర పక్కన నిలబడి మాట మరిచినవాళ్ళకు అందించే పనీ నా మెడకు చుట్టారు.

మామ మొహం ఆ రోజుల్లో చూడాల్సింది. మీసం ముందే తీసేశాడు. ఇంట్లో నడుస్తూ నడుస్తూ ఆగి, భుజం మీద లేని కొంగు సర్దుకునేవాడు. "అల్లుడూ, ఇంగొకసారి ఆ ఆకు మడిచేస్తే చాలు నాకు. మళ్ళ ఎవురికన్నా అప్పజెప్పేస్తా" అన్నాడు. ఆయనకు కావలసింది అంతే. తీసుకోవడానికి ఎవరైనా ఉన్నారా అని నేను అడగలేదు.

రిహార్సలు చూడడానికి వచ్చినరోజు కాంట్రాక్టరు రెండో అంకం సగంలోనే చెయ్యెత్తాడు.

"మేస్త్రీ, నిలుపు. నెమిలోళ్ళు ముందర వరసలో కూచోనుంటారు. మొగపెండ్లోళ్ళు అప్పళానికి అలిగేది వాళ్ళకే చూపిస్తే ఏమనుకుంటారు?"

"నవ్వుతారు నాయనా" అన్నాడు మామ.

"ఆకు అవతలికి మడిచేది, శుభం మాట్లాడేచోట! నా కూతురు పెండ్లి నిలిచిపోవల్లనా? వద్దు. అప్పళం ఇరగకూడదు. అంతే."

"అప్పళం ఇరక్కపోతే నాటకం యాడ ఉండాది?"

"మిగిలిందంతా ఉండాది కదా! ఆమె సంతోషంగా తినేసి, అన్నీ బాగుండాయని చెప్పి లేస్తాది. సరియా? మీ పిల్లోడు ఉండాడే, వాణ్ణి వేలూరు సైటుకు పెద్ద చేస్తాండా. వాడి మంచీ చెడ్డా నీకు తెలుసు కదా."

మామ తల ఊపాడు. మేస్త్రీలకు అది అలవాటే. కిటికీ పెట్టాల్సినచోట ఇంటాయన గోడ అడిగినా ఊపుతారు. ఆ రాత్రికి రాత్రే రెండో అంకం వంటకాల జాబితా అయిపోయింది. వియ్యపురాలు పప్పు బాగుందంటుంది, పులుసు బాగుందంటుంది, పాయసం మరీ బాగుందంటుంది. రాసింది నేనే. ఇంత మంచితనం ఒకేచోట నేను మళ్ళీ చూడలేదు. హోటలు బోర్డు చదువుతున్నట్టుంది. అక్కడక్కడ జనం నవ్వకపోతే బాగుండదని, కీబోర్డు వాయించేవాడు అందులోనే నవ్వు కూడా ఉంటుందని చెప్పి ఒక మీట నొక్కి చూపించాడు. చచ్చిన మేకలు నవ్వినట్టు ఉంది. నాకు కొంచెం రోత పుట్టింది. కొంచెం అనడం నా అలవాటు.

నాటకానికి ముందురోజు మామ ఇంటికి వెళితే, పెరట్లో అరిటాకు ముందేసుకుని కూర్చుని ఉన్నాడు. రెండు అరచేతులూ ఆకు అంచు కింద పెట్టి, మెల్లగా లేపి, అవతలికి వాల్చి, ఈనె మీద వేలిముద్ర పడేటట్టు ఒక్కసారి నొక్కాడు. ఆ మొరటు చేతులు ఆ నొక్కడంలో ఆడమనిషి చేతులైపోయాయి, అందులోనూ బాగా మనసు నొచ్చిన ఆడమనిషివి. మా బావ గడపలో నిలబడి చూస్తున్నాడు.

"నాయనా, నీ కాళ్ళు పట్టుకుంటా. రేపు మాత్రం ఇట్లా మడిచి లేచి రా" అని తనవైపు చూపించుకున్నాడు.

"సుమ్మ, ఊరికే చూస్తాండారా. చెయ్యి మరిచిపోయిందేమో అని."

లోపలనుంచి అత్త గొంతు వచ్చింది. "మరిచిపోయుంటే నేనొక టెంకాయ కొడతాను దేవుడికి!"

మామ నావైపు చూసి కన్ను గీటాడు. మడుస్తాడని నాకు అప్పుడే తెలిసిపోయింది. అత్తకు అంతకు ముందే తెలిసి ఉండాలి. తన పెళ్ళిచీర పెట్టెలోంచి తీసి దండెం మీద ఆరవేసి ఉంది.

నాటకం రోజు మండపం నిండిపోయింది. గుమ్మం దగ్గర చల్లని డ్రింకుల కొట్టు, కాంట్రాక్టరు నిలువెత్తు కటౌటు, మద్రాసు నుంచి వచ్చిన అనౌన్సరు. ఆ అమ్మాయి తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడింటినీ సమానంగా ఖూనీ చేసింది. నేను న్యాయంగానే చెబుతున్నాను, దేన్నీ తక్కువ చెయ్యలేదు. నెమిలివాళ్ళు వచ్చారు. పెళ్ళికొడుకు తల్లి బరువైన పట్టుచీరలో, అంతకంటే బరువైన నడకతో ముందు వరసలో కూర్చుంది. మొదటి అంకం జరుగుతున్నంతసేపూ జనం చేతుల్లో సీసాలు, కాళ్ళ కింద సీసాలు. పాత ముసలివాళ్ళు కొందరు మాత్రం వెనక బెంచీల మీద కదలకుండా కూర్చుని ఉన్నారు. వాళ్ళు అప్పళం కోసం వచ్చారు.

తెర వేసిన కాసేపట్లో రెండు దారుణాలు జరిగాయి. వీడియో తీసేవాడు అరిటాకులు లైట్ల కింద నల్లగా పడుతున్నాయని చెప్పాడు. కాంట్రాక్టరు మనుషులు ఆకులన్నీ ఎత్తేసి, అప్పుడప్పుడే బజారులోకి వచ్చిన కాగితపు ఆకులు తెచ్చి పరిచారు. అచ్చువేసిన ఆకుపచ్చ, అచ్చువేసిన ఈనెలు, పైన మెరిసే పూత. రెండోది, ఆ బంతి చూడగానే కాంట్రాక్టరులో మర్యాద పొంగుకొచ్చింది. నెమిలివాళ్ళను కింద కూర్చోబెట్టి పైన వేషగాళ్ళకు వడ్డించడం ఏం బాగుంటుంది? మైకు తీసుకుని వాళ్ళను పైకి పిలిచాడు. మా వైపు పొన్నాడ అంటారు, జరీ శాలువా. తలా ఒకటి కప్పి, వేషాల మధ్యనే బంతిలో కూర్చోబెట్టాడు. అసలు వియ్యపురాలు నాటకం వియ్యపురాలి పక్కన కూర్చుంది. తెర లేచింది. జనం చప్పట్లు కొట్టారు. ఎవరు నాటకమో ఎవరు చుట్టాలో తెలియక, తెర పక్కనున్న నేను ఎవరికి మాట అందించాలో తోచక నిలబడ్డాను.

నెమిలావిడ మామను పైనుంచి కిందికి చూసి, మైకు ముందే అడిగింది.

"ఏమప్పా, చీర బాగుండాది. ఎవురిది?"

"మా ఇంటామిది అమ్మా."

"ఆమె ఏం కట్టుకోనుందిప్పుడు?"

అది ఆ సాయంత్రం మొత్తంలో నిజంగా నవ్వొచ్చిన మాట. కీబోర్డువాడు మాత్రం అప్పుడు మీట నొక్కలేదు.

వడ్డన మొదలైంది. మామ పప్పును మెచ్చుకున్నాడు, పులుసును మెచ్చుకున్నాడు. చచ్చిన మేకలు నవ్వాయి. మామ ఆకులో అప్పళం పడింది, గుండ్రంగా, చందమామలా, ఎక్కడా చిన్న పగులు లేకుండా. ఇప్పుడు పాయసం దగ్గరికి వెళ్ళాలి. మామ వెళ్ళలేదు. అప్పళాన్ని చూస్తూ ఉండిపోయాడు. మరిచిపోయాడనుకుని, "పాయసం మరీ బాగుండాది" అని గుసగుసగా అందించాను. అందించడం నా ఉద్యోగం. ఆయన బొటనవేలు అప్పళం మధ్యలో పెట్టి నొక్కాడు. ముందున్న మైకులోంచి ఆ చప్పుడు మండపమంతా వినిపించింది. వెనక బెంచీల మీద ముసలివాళ్ళు ముందుకు వంగారు. కాంట్రాక్టరు లేచి నిలబడ్డాడు. మా బావ స్తంభం పక్కన కళ్ళు మూసుకున్నాడు. మామ రెండు చేతులూ ఆకు అంచు కింద పెట్టి, మెల్లగా లేపి, అవతలికి వాల్చి, నొక్కి, చేతులు తీసేశాడు.

మండపం నిశ్శబ్దమైపోయింది. అదే పాత నిశ్శబ్దం. నేను దాన్ని గుర్తుపట్టాను. మామ కూడా గుర్తుపట్టాడు, ఎందుకంటే ఆయన గడ్డం కొద్దిగా పైకి లేచింది. లేవడానికి కాలు మడుచుకున్నాడు.

అప్పుడు ఆకు లేచింది. తొందర లేకుండా, నిద్రలేచి ఒళ్ళు విరుచుకున్నట్టు, అంచు పైకి వచ్చి, మెల్లగా వెనక్కి వాలి, చదునుగా పరుచుకుంది. విరిగిన అప్పళం మళ్ళీ ఆయన ముందుకే వచ్చింది. ముందు వరసలో ఎవరో ఫక్కున నవ్వారు. మామ మళ్ళీ మడిచాడు, ఈసారి గట్టిగా, గోడకు సిమెంటు కొట్టినట్టు. మళ్ళీ లేచింది. మండపం నవ్వులతో పగిలిపోయింది. నెమిలావిడ పొట్ట పట్టుకుని, మామ భుజం మీద ఒకటి వేసి, "ఉండప్పా, నాదీ లేస్తుందేమో చూస్తా" అని తన ఆకు అవతలికి మడిచింది. లేచింది! ఆమె కేరింత కొట్టింది. పక్కనున్న వియ్యంకుడు మడిచాడు. ఆయన తమ్ముడు మడిచాడు. వేషాలు వేసినవాళ్ళూ మడిచారు. పెళ్ళిమాటల కోసం వచ్చినవాళ్ళందరూ బంతి మొత్తం చావింటి మడత మడుస్తూ, అది లేస్తుంటే చప్పట్లు కొడుతూ, పులుసు చీరల మీదికి చిందించుకుంటూ ఆడుకున్నారు. ఆకు అవతలికి మడిస్తే కూతురి పెళ్ళి ఆగిపోతుందన్న కాంట్రాక్టరు, నవ్వి నవ్వి కళ్ళనీళ్ళతో స్టేజీ ఎక్కి మామకు పొన్నాడ కప్పాడు.

"సూపరు మేస్త్రీ! ఇది నాకు చెప్పనే లేదే నువ్వు! వేలూరులో కూడా ఆడిస్తా, ఆడా ఇదే పెట్టల్ల. ఇంగా రెండు మూడుసార్లు మడువు!"

మూడో అంకం ఆడలేదు. భోజనాలు చల్లారిపోతాయన్నారు. పెళ్ళికూతురి వేషం వేసిన అమ్మాయి మంచి అప్పళం చేతిలో పట్టుకుని తెర పక్కన నిలబడి, కాసేపటికి దాన్ని తానే తినేసింది. కింద జనం ప్లేట్లు పట్టుకుని వరసల్లో తోసుకుంటున్నారు. వెనక బెంచీల ముసలివాళ్ళు తినకుండా వెళ్ళిపోయారు. తర్వాత సంగతులు అడుగుతారేమో, అన్నీ మంచిగానే జరిగాయి. సంబంధం కుదిరింది. మా బావ వేలూరు సైటుకు పెద్దయ్యాడు. ఎవరికీ ఏ నష్టమూ లేదు. రోత కలిగించే సంగతుల్లో నాకు ఇప్పటికీ మొదటిది ఇదే.

ఆ రాత్రి మండపంలో పెళ్ళికూతుళ్ళ కోసం కట్టిన గదిలో, చుట్టూ బల్బులున్న అద్దం ముందు మామ కూర్చుని ఉన్నాడు. చీర మీద పొన్నాడ, ముక్కుబిళ్ళ ఒక పక్కకు జారి ఉంది. అత్త వెనక నిలబడి ఆయన సవరం పిన్నులు ఒక్కొక్కటే తీస్తోంది. నేను గుమ్మంలో ఆగిపోయాను. మామ అద్దంలోకి చూస్తూ అన్నాడు.

"ఆకు మంచిదై ఉంటే..."

అత్త చివరి పిన్ను తీసి నోట్లో పెట్టుకుని, చీర కుచ్చిళ్ళ దగ్గర పులుసు మరక చూసి, పిన్ను చేతిలోకి తీసుకుని అనింది.

"చీర ఇప్పియ్యి. ఆకు మంచిదైనా అంతే. నువ్వు అలిగితే బయపడేవాళ్ళంతా ఎప్పుడో చచ్చిపోయినారు."